దద్దుర్లు: ఏ మాత్ర, ఏ వైద్యుడు, ఎప్పుడు మార్చాలి

దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, మాట బొంగురుపోవడం, నాలుక వాపు, ఆయాసం, పిల్లికూతలు, కళ్లు తిరిగి పడిపోయేలా ఉండడం, ఆగకుండా వాంతులు కావడం వంటివి ఏ ఒక్కటి కనిపించినా కింద రాసిన పోలికలేవీ చదవక్కర్లేదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, లేదా అత్యవసర విభాగం ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేరాలి. అక్కడ మొదట పడాల్సిన మందు అడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, తొడ మధ్యలో బయటివైపు కండలోకి ఇస్తారు. అవిల్, హైడ్రోకార్టిజోన్ సూదులు దాని తర్వాతే. ఆ రెండే ఇచ్చి చూద్దామంటే విలువైన నిమిషాలు పోతాయి. బండి వచ్చేలోగా మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టండి. లేపి నడిపించొద్దు. తేరుకున్నాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, లక్షణాలు రెండోసారి తిరగబెట్టే ప్రమాదం ఉంది.

ఈ గుర్తులు లేని దద్దుర్లు ఎంత భయపెట్టినా ప్రాణం మీదికి రావు. అక్కడ నిదానంగా ఎంచుకోవచ్చు.

ముందు అవి దద్దుర్లేనా?

దద్దురు చర్మం మీద ఉబ్బెత్తుగా లేస్తుంది, విపరీతమైన దురద, అంచు ఎర్రగా, నడిమి భాగం కాస్త పాలిపోయి ఉంటుంది. అసలు గుర్తు మాత్రం రూపంలో కంటే కాలంలో ఉంది. ఒక్కో దద్దురు 24 గంటల లోపు మచ్చ మిగల్చకుండా మాయమైపోతుంది, మరోచోట కొత్తది లేస్తుంది. ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కన టైము రాయండి. మర్నాడు అదే టైముకి ఆ గీతలో ఏమీ లేకపోతే అది దద్దురే. అక్కడే ఉండి, దురద కంటే మంట, నొప్పి ఎక్కువై, పోయాక కమిలినట్టు మచ్చ మిగిలితే రక్తనాళాల వాపు కావచ్చు. దానికి చర్మ వైద్యుడు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. నెమ్మదిగా పెరుగుతూ గుండ్రంగా పొలుసులు కట్టేది తామర. వేళ్ల సందుల్లో, నడుము దగ్గర రాత్రిళ్లు దురద పెడుతూ ఇంట్లో నలుగురికీ ఉంటే గజ్జి. కొత్త మందు మొదలుపెట్టాక దద్దుర్లతో పాటు నోట్లో పుళ్లు, ఒంటి మీద బొబ్బలు, జ్వరం వస్తే అది వేరే జబ్బు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పెదవి, కనురెప్ప వాచి రెండు మూడు రోజులు ఉండడం దద్దుర్లతో కలిసి రావచ్చు. దద్దురు ఒక్కటి కూడా లేకుండా వాపు మాత్రమే పదేపదే వస్తుంటే ఇంట్లోని బీపీ మాత్రల డబ్బా చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ జాతి మందులు ఇలాంటి వాపు తెస్తాయి, మొదలుపెట్టి నెలలు గడిచాక కూడా. దానికి అలర్జీ మాత్రలు పనిచేయవు. రాసిన వైద్యుణ్ని కలిసి బీపీ మందే మార్చించుకోవాలి.

ఆరు వారాలు

మొదలై ఆరు వారాలు దాటాయా లేదా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. దాటనివి చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పిల్లల్లో జలుబు, జ్వరం తెచ్చే వైరస్‌లే ప్రధాన కారణం, పెద్దల్లో వాటితో పాటు నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు, కొన్నిసార్లు తిండి. ఆరు వారాలు దాటి దాదాపు రోజూ వస్తుంటే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు. ఇవి ఎక్కువమందిలో బయటి అలర్జీ వల్ల వచ్చేవి కావు. చర్మంలోని మాస్ట్ కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే రెచ్చగొట్టి, దురద, వాపు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. అందుకే ‘దేనివల్ల వచ్చిందో కనిపెట్టి మానేస్తే పోతుంది’ అనే ఆశతో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు తిండీ డబ్బూ రెండూ పోగొట్టుకుంటున్నారు. చాలామందికి ఇది ఒకటి నుంచి ఐదేళ్లలో దానంతటదే శాంతిస్తుంది. ఈలోపు రోజువారీ బతుక్కి అడ్డం రాకుండా అదుపులో పెట్టడమే వైద్యం లక్ష్యం.

ఏ మాత్ర?

మత్తు ఎక్కువ తెచ్చే పాత రకం, మత్తు తక్కువగా ఉండే కొత్త రకం అని హిస్టమిన్‌ను అడ్డుకునే అలర్జీ మాత్రలు, అంటే యాంటీహిస్టమిన్‌లు రెండు తెగలు. అవిల్ అనే పేరుతో దొరికే ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్, అటరాక్స్ పేరుతో దొరికే హైడ్రాక్సిజిన్ పాతవి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్, డెస్‌లోరాటడిన్, బిలాస్టిన్, ఎబాస్టిన్, రుపాటడిన్ కొత్తవి. మా సలహా సూటిగా చెప్తాం: దద్దుర్లకు కొత్త రకమే వాడాలి. పాతవి మెదడులోకి చేరి మత్తు తెస్తాయి, మర్నాటి పొద్దుటికీ ఆ మందకొడితనం పోదు. ఆటో నడిపేవాళ్లకు, మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లకు, పరీక్షలు రాసే పిల్లలకు ఇది నిజమైన ప్రమాదం. పెద్ద వయసువాళ్లకు మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, తికమక తెస్తాయి. ‘నిద్ర పడుతుంది కదా, రాత్రికి అవిల్ మంచిదే’ అని అలవాటుపడినవాళ్లు చాలామంది. ఆ నిద్రలో నాణ్యత ఉండదు.

కొత్త వాటిలో ఏది? సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు అన్నిటికంటే చవక, ప్రతి మందుల షాపులో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, జన ఔషధి దుకాణంలో దొరుకుతుంది. పని త్వరగా మొదలవుతుంది. పది మందిలో ఒకరికైనా మగత ఇస్తుంది కాబట్టి రాత్రి పూట వేసుకుంటే మేలు. లెవోసెట్రిజిన్ 5 మిల్లీగ్రాములు దానికి దగ్గరి బంధువే, మగత విషయంలో పెద్ద తేడా ఆశించొద్దు. ఈ రెండూ మూత్రపిండాల ద్వారా పోతాయి, రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకు, అంటే మూత్రపిండాలు సరిగ్గా పనిచేయనివాళ్లకు, డోసు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్ 180 మిల్లీగ్రాములకు మగత దాదాపు ఉండదు, డ్రైవర్లకు మా మొదటి ఎంపిక ఇదే, ధర మాత్రం ఎక్కువ. దీన్ని నీళ్లతోనే మింగాలి. బత్తాయి, కమలా, ఆపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. గ్యాస్‌కి వాడే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌లతో కూడా కలపొద్దు. బిలాస్టిన్ 20 మిల్లీగ్రాములకూ మగత తక్కువే, కానీ ఖాళీ కడుపున పడాలి, అంటే తిండికి గంట ముందు లేదా తిన్న రెండు గంటల తర్వాత. టిఫిన్ చేసి వెంటనే వేసుకుని ‘ఈ ఖరీదైన మాత్ర పనిచేయలేదు’ అనుకోవడం మామూలుగా జరిగే తప్పు.

ఎబాస్టిన్, రుపాటడిన్ మంచివే. అయితే మన దగ్గర తామరకు ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ మందుతో గానీ, ఎరిత్రోమైసిన్‌తో గానీ ఈ రెండింటినీ కలిపితే రక్తంలో వీటి మోతాదు పెరిగిపోతుంది. వాళ్లు సెట్రిజిన్ వైపు వెళ్లడం మేలు.

లెవోసెట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు షాపుల్లో విరివిగా ఇస్తారు. జలుబు, ఆస్తమా ఉన్నవాళ్లకు అది వేరే సంగతి. దద్దుర్లకు మాంటెలుకాస్ట్ వల్ల కలిగే అదనపు మేలు స్వల్పం. పైగా నిద్రలో పీడకలలు, కుంగుబాటు వంటి మానసిక మార్పులు రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో దాని మీద తన అత్యంత గట్టి హెచ్చరిక పెట్టింది. విడి మాత్రే అడగండి.

ఏ మాత్ర అన్నదానికంటే ఎలా వేసుకుంటున్నారన్నది ఫలితాన్ని ఎక్కువ మారుస్తుంది. యాంటీహిస్టమిన్ చర్మంలోని హిస్టమిన్‌ను తీసేయదు, అది అతుక్కునే చోటును ముందే మూసి ఉంచుతుంది. దొంగ లోపలికొచ్చాక గడియ పెట్టుకుంటే ఏం లాభం? రోజూ వస్తున్న దద్దుర్లకు ‘లేచినప్పుడు ఒకటి’ పద్ధతి పనిచేయదు. లేచినా లేవకపోయినా రోజూ అదే టైముకి, రెండు నుంచి నాలుగు వారాలు విడవకుండా వేసుకుని అప్పుడు తీర్పు చెప్పండి. మూడు రోజులకో బ్రాండ్ మార్చేవాళ్లు ఏదీ సరిగ్గా పరీక్షించనట్టే. రెండు మూడు రకాలు కలిపి వేసుకోవడం కూడా అనవసరం. ఒక్కదాన్నే నమ్ముకుని, చాలకపోతే వైద్యుడి సలహాతో డోసు పెంచడం సరైన దారి. అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో మామూలు డోసుకు నాలుగింతల వరకు ఒప్పుకుంటాయి. చీటీలో రోజుకు నాలుగు మాత్రలు చూసి మందుల షాపువాళ్లు కంగారుపడి తగ్గించిన సందర్భాలు ఉంటాయి. వైద్యుడు కావాలనే రాశారని వాళ్లకు చెప్పండి. మీ అంతట మీరు మాత్రం పెంచుకోవద్దు.

సూదా, స్టెరాయిడా?

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర అవిల్, డెక్సా కలిపి సూది వేయించుకుంటే గంటలో తెరిపిగా ఉంటుంది. దానికి అలవాటుపడడం వల్లే చాలామంది కేసులు చెడుతున్నాయి. డెక్సామెథసోన్, బెట్నిసాల్, వైసోలోన్, కెనకార్ట్ అన్నీ స్టెరాయిడ్‌లే. ప్రభావం దిగిన రెండు మూడు రోజులకు దద్దుర్లు మునుపటికంటే ఉధృతంగా లేస్తాయి, మళ్లీ సూది పడుతుంది. ఇలా నెలకు రెండు మూడుసార్లు పడితే షుగర్, బీపీ పెరగడం, ముఖం ఉబ్బడం, ఎముకలు పలచబడడం, కడుపులో పుండు వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు ఒక్క సూదితోనే రక్తంలో చక్కెర రోజుల తరబడి ఎగబాకుతుంది.

స్టెరాయిడ్‌కి చోటు లేదని కాదు. కళ్లు మూసుకుపోయేంత వాపుతో, ఒళ్లంతా కప్పేసిన దద్దుర్లకు వైద్యుడు కొద్దిరోజులు ప్రెడ్నిసలోన్ రాయవచ్చు. పది రోజులు దాటకూడదు. దీర్ఘకాలిక దద్దుర్లకు రోజూ వాడే మందుగా అది పనికిరాదు. చీటీలేని పొట్లంలో తెల్ల మాత్ర, గులాబీ మాత్ర కట్టిస్తే అందులో ఏముందో పేరు అడిగి రాయించుకోండి. చెప్పకపోతే తీసుకోవద్దు.

పైపూతలు, ఇంటి వైద్యాలు

కాలమైన్ లోషన్, తడిగుడ్డ, చల్లటి నీళ్ల స్నానం దురదను కాసేపు తగ్గిస్తాయి, వాడుకోవచ్చు. చలికి దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం చల్లటివి ముట్టొద్దు. స్టెరాయిడ్ పూతలు దద్దుర్లకు పనికిరావు. అవి వాడితే తామర ఉన్నచోట అది ముదురుతుంది. గొంగళితో రుద్దడం మన పల్లెల్లో ఇంకా ఉంది. రాపిడి మాస్ట్ కణాలను నేరుగా రెచ్చగొడుతుంది కాబట్టి రుద్దినచోటల్లా కొత్తవి లేస్తాయి. వేపాకు నీళ్లతో స్నానం హాని చేయదు, నీళ్లు వేడిగా ఉంటే దురద పెరుగుతుంది. బిగుతు లంగా బొందు, బెల్టు, బ్రా పట్టీ కిందే ఎక్కువ లేస్తున్నాయంటే ఒత్తిడి వల్ల వచ్చే రకం, వదులు బట్టలతో సగం తగ్గుతుంది.

చలి రకానికి ఒక హెచ్చరిక చెప్పాలి. వానలో తడిసినా, ఫ్రిజ్ నీళ్లు పట్టుకున్నా దద్దుర్లు వచ్చేవాళ్లు బావిలో, చెరువులో ఒక్కసారిగా దూకితే ఒళ్లంతా హిస్టమిన్ విడుదలై బీపీ పడిపోయి నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు. ఒంటరిగా ఈతకు దిగొద్దు. ఎండాకాలం చెమట పట్టగానే ఆవగింజంత పొక్కులు గుంపుగా లేచి అరగంట, గంటలో పోయే రకం వేరు, అది ప్రాణాపాయం కాదు, రోజువారీ మాత్రకు చాలావరకు లొంగుతుంది.

పత్యం పెట్టాలా, పరీక్షలు చేయించాలా?

తిండి వల్ల వచ్చే దద్దుర్లు తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో లేస్తాయి, అదే పదార్థం తిన్న ప్రతిసారీ వస్తాయి. రొయ్యలు, పల్లీలు, గుడ్డు ఇలా పట్టుబడితే అదొక్కటే మానండి. ఉదయం లేవగానే, ఏం తిన్నా తినకపోయినా వచ్చే దద్దుర్లకు వంకాయ, గోంగూర, చేపలు, పెరుగు అన్నీ మాన్పించి పత్యం పెట్టడం వల్ల పిల్లల బరువు తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు. మానాల్సినవి వేరే ఉన్నాయి: ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్. దీర్ఘకాలిక దద్దుర్లు ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఈ నొప్పి మాత్రలు వాటిని పెంచుతాయి. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ మేలు. గుండెకు రాసిన ఆస్పిరిన్ మాత్రం గుండె వైద్యుణ్ని అడగకుండా ఆపొద్దు.

వందకు పైగా పదార్థాల అలర్జీ ప్యాకేజీ రక్త పరీక్షలకు వేల రూపాయలు తీసుకుంటారు. దీర్ఘకాలిక దద్దుర్లకు అది దండగ. అందులో ఏదో ఒకటి పాజిటివ్ రావడం మామూలే, దానికీ మీ దద్దుర్లకూ సంబంధం ఉండనక్కర్లేదు. ఆరు వారాల లోపు వాటికి అసలు పరీక్షలే అక్కర్లేదు. ఆరు వారాలు దాటితే పూర్తి రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ చాలు. ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువుంటే మలపరీక్ష చేయించి నులిపురుగులకు మందు వాడతారు. నిపుణులు వీటికి మొత్తం ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ), థైరాయిడ్ యాంటీబాడీ పరీక్షలు కలుపుతారు, ఏ మందుకు ఎంత త్వరగా లొంగుతుందో అంచనా వేయడానికి. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షకు సుమారు వారం ముందే యాంటీహిస్టమిన్ ఆపాలి. ఆ మాట ముందుగా చెప్పని చోట చేయించుకున్న ఫలితాన్ని నమ్మలేం.

ఎవరి దగ్గరికి?

మొదటి వారం, ప్రమాద గుర్తులు లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా, లేదా మీ కుటుంబ ఎంబీబీఎస్ డాక్టరు చాలు. ఇంటి నుంచి కదల్లేకపోతే ప్రభుత్వ ఈ-సంజీవని వీడియో సంప్రదింపు ఉచితం. దద్దుర్లు వైద్యుడికి చూపించే వేళకు మాయమవుతాయి, అందుకే ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది.

రెండు వారాలు రోజూ మాత్ర వేసుకున్నా తగ్గకపోయినా, ఆరు వారాలు దాటినా చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. బోర్డు మీద ‘స్కిన్ స్పెషలిస్ట్’ అని ఉంటే చాలదు. ఎండీ డీవీఎల్ (డీవీఎల్ అంటే చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులు), డీడీవీఎల్, డీఎన్‌బీ వంటి చదువు, రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. సౌందర్య చికిత్సలే ప్రధానంగా చేసే క్లినిక్ కంటే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోని డీవీఎల్ ఓపీ ఈ జబ్బుకు మెరుగు అని మా అభిప్రాయం. అక్కడ ఇలాంటి కేసులు రోజూ చూస్తారు, డోసు పెంచడానికి జంకరు, చర్మం ముక్క పరీక్షా అక్కడే అవుతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, వరంగల్‌లో ఎంజీఎం, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, తిరుపతిలో రుయా, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు ఉన్నాయి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్. వీటిలో ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు, క్యూ పొడవు. వెళ్లేటప్పుడు వాడిన మందుల పట్టీలన్నీ పట్టుకెళ్లండి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. అమెరికాలో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు, బ్రిటన్‌లో సెట్రిజిన్, లోరాటడిన్‌లు చీటీ లేకుండానే దొరుకుతాయి, వాటితో తగ్గకపోతే జీపీని, అంటే కుటుంబ డాక్టరును, కలవాలి. బెనడ్రిల్ అనే పేరు నమ్ముకోవద్దు. ఇక్కడ అది దగ్గు మందు, అమెరికాలో మత్తు తెచ్చే పాత యాంటీహిస్టమిన్, బ్రిటన్‌లో అదే పేరుతో సెట్రిజిన్ కూడా అమ్ముతారు. డబ్బా మీద మందు పేరే చదవండి.

నాలుగింతల డోసూ చాలకపోతే

అప్పుడు చర్మ వైద్యుడు లేదా అలర్జీ నిపుణుడు రెండు దారులు చూపిస్తారు. ఒకటి ఒమాలిజుమాబ్, నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు చర్మం కింద సూది. పన్నెండేళ్లు నిండినవాళ్లకు ఇస్తారు, బరువుతో సంబంధం లేదు. దుష్ఫలితాలు తక్కువ, తీవ్రమైన అలర్జీ అరుదు, అయినా మొదటి డోసుల తర్వాత ఆసుపత్రిలో కాసేపు కూర్చోబెడతారు. కొందరికి మొదటి సూదితోనే తెరిపి, కొందరికి ఆరు నెలలు ఆగాలి. ఖర్చు వేలల్లో. రెండోది సైక్లోస్పోరిన్, రోజుకు కిలో బరువుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. చవక, బాగా పనిచేస్తుంది, కానీ బీపీ, క్రియాటినిన్ తరచూ చూసుకోవాలి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు. డబ్బు సమకూరితే ఒమాలిజుమాబ్ ముందు. సమకూరకపోతే నెలనెలా పరీక్షలు చేయించుకోగలిగినవాళ్లకు సైక్లోస్పోరిన్ గౌరవప్రదమైన ఎంపికే, నెలనెలా స్టెరాయిడ్ సూది కంటే ఎన్నో రెట్లు మేలు.

గర్భిణుల్లో లోరాటడిన్, సెట్రిజిన్‌ల వాడకంలో ఎక్కువ అనుభవం ఉంది, అయినా వైద్యురాలు చెప్పాకే వేసుకోవాలి. పిల్లలకు సెట్రిజిన్ సిరప్ ఐదు మిల్లీలీటర్లలో ఐదు మిల్లీగ్రాములు ఉంటుంది. రెండు నుంచి ఐదేళ్లవాళ్లకు రోజుకు ఐదు, ఆరు నుంచి పదకొండేళ్లవాళ్లకు ఐదు నుంచి పది మిల్లీగ్రాములు. టీ చెంచాతో కొలవొద్దు, సీసాతో వచ్చే గ్లాసో సిరంజో వాడండి. రెండేళ్ల లోపు పిల్లల డాక్టరే చెప్పాలి.

తగ్గుతోందో లేదో తెలియడానికి రోజూ రెండు అంకెలు రాసుకోండి. దద్దుర్లు లేకపోతే 0, ఇరవై లోపు 1, యాభై వరకు 2, అంతకు మించితే 3. దురదకూ అలాగే 0 నుంచి 3. ఏడు రోజుల మొత్తం 42కి లెక్క. ఆరు లోపు ఉంటే అదుపులో ఉన్నట్టు, 28 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రం. ఈ కాగితం చూపిస్తే వైద్యుడికి డోసు నిర్ణయం సులువు. మొత్తం సున్నాకు వచ్చి కొన్ని వారాలు నిలిచాక ఒక్కసారిగా ఆపకుండా, ఎక్కువ డోసులో ఉన్నవాళ్లు వైద్యుడు చెప్పిన విరామాలతో ఒక్కో మాత్ర తగ్గించుకుంటూ రావాలి. తగ్గించిన వారంలో అంకెలు మళ్లీ పెరిగితే కిందటి డోసుకు వెళ్లి, నెల రెండు నెలలు ఆగి మళ్లీ ప్రయత్నించండి.